పాత డీజిలు ఇంజనునందు మందవేగమున లాగుబలము

దమ్ము చేయు కాలమున పాత ట్రాక్టరు గల రైతుల నోట ఒక మాట తఱచుగా వినబడుచుండును: "ఇంజను తిరుగుచున్నది గాని లాగుట లేదు." ఖాళీ బాట మీద ఆ బండి చక్కగనే పరుగెత్తును. దమ్ముచక్రములతో బురదలోనికి దిగి, వేగము తగ్గినంతనే ఊపిరి ఆడనిదానివలె నల్లని పొగ వదలి ఆగిపోవును. అప్పుడు ప్రక్కనున్న వారిలో ఒకరు, "పంపు మీది స్క్రూ త్రిప్పి డీజిలు పెంచండి, అదే లాగుతుంది" అని సలహా చెప్పుదురు. కాలువకు నీరు వదలిన ఆ కొలది దినములలో దమ్ము ముగియనిచో నాట్లు వెనుకబడును. కావున రైతు తొందరపడి ఆ సలహాను పాటించును. కొందఱికి దాని వలన పంటకాలము నడుమనే ఇంజను చెడి, అప్పు మిగులును.

ఈ సలహా ఎంతవఱకు నిజమో, మందవేగమున లాగుబలము ఎచ్చట నుండి పుట్టునో, పాత ఇంజనులో అది ఎట్లు పోవునో, ఏ క్రమమున దానిని మరల తెచ్చుకొనవలెనో ఈ వ్యాసమున విచారింతము. మన పాఠశాలలో నేర్చుకొను భౌతికశాస్త్రము దీనికి చాలును.

1. త్రిప్పుబలమన నేమి?

ఇంజను విషయమున బలము, శక్తి అను రెండు మాటలను మనము కలిపి వాడుచుందుము. వీనిని వేఱుచేసి చూడవలెను. ఇరుసును త్రిప్పు బలమును త్రిప్పుబలము అందము. టార్కు అని చెప్పునది ఇదియే. ఎంత బలముతో లాగుచున్నారో దానిని, ఇరుసు నుండి ఎంత దూరమున లాగుచున్నారో దానితో గుణించిన ఇది వచ్చును.

గానుగ ఎద్దును తలచుకొనుడు. ఇరుసునకు 2.5 మీటర్ల దూరమున అది 40 కిలోల బలముతో లాగుచున్నదనుకొందము. త్రిప్పుబలము 100 కిలోగ్రాము-మీటర్లు, అనగా సుమారు 981 న్యూటన్-మీటర్లు. ఇది గొప్ప బలమే. కాని ఎద్దు నిమిషమునకు 3 చుట్లు మాత్రమే తిరుగును. శక్తి యనగా త్రిప్పుబలమును భ్రమణవేగముతో గుణించినది. లెక్కించినచో 308 వాట్లు వచ్చును. అర అశ్వశక్తి కంటె ఇది తక్కువ. కావున త్రిప్పుబలము మిక్కుటముగా నుండి శక్తి స్వల్పముగా నుండవచ్చును. శక్తి మిక్కుటముగా నుండి త్రిప్పుబలము స్వల్పముగాను ఉండవచ్చును.

రుడాల్ఫ్ డీజిల్ జర్మనీలోని ఆగ్స్‌బర్గు పట్టణమున నిర్మించి 1897లో పరీక్షింపజేసిన ఇంజను నిమిషమునకు 154 చుట్లు తిరిగి సుమారు 13.1 కిలోవాట్ల శక్తి నిచ్చెను. లెక్కించిన దాని త్రిప్పుబలము సుమారు 812 న్యూటన్-మీటర్లు. అదే శక్తిని నిమిషమునకు 3,000 చుట్లు తిరుగు చిన్న ఇంజను ఇచ్చినచో, దాని త్రిప్పుబలము 42 న్యూటన్-మీటర్లకు లోపుగానే యుండును. బురదలో చక్రమును కదల్చునది త్రిప్పుబలము. బాట మీద వేగముగా పరుగెత్తించునది శక్తి. రైతు "లాగుట లేదు" అన్నప్పుడు మందవేగమున త్రిప్పుబలము తగ్గినదని మనము గ్రహింపవలెను.

2. గాలియే మూలధనము

పెట్రోలు ఇంజనులో వేగము తగ్గించుటకు గాలిమార్గమును మూయుదురు. డీజిలు ఇంజనులో అట్లు చేయరు. ప్రతిసారి నిండుగా గాలి పీల్చి, దానిని 14 మొదలు 22 వంతుల వఱకు కుదించి, ఆ ఒత్తిడిచే పుట్టిన వేడిమిలోనికి డీజిలును చిమ్ముదురు. నిప్పురవ్వ అక్కఱలేదు. బలమెంత కావలెనో దానికి తగినట్లు డీజిలును మాత్రమే హెచ్చించుటయో తగ్గించుటయో చేయుదురు. అయితే ఎంత డీజిలు చక్కగా కాలగలదో నిర్ణయించునది లోపల నున్న గాలియే.

ఉదాహరణమునకు పెర్కిన్స్ 3.152 అను ఇంజనును గైకొందము. మాసీ ఫెర్గూసన్ 35 ట్రాక్టరునందు 1959 నుండి ఇది అమర్చబడెను. 1960లో మద్రాసునందు స్థాపింపబడిన టాఫే సంస్థ మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లను మన దేశమున తయారుచేయుటచే, ఆ కుటుంబపు ఇంజనులు మన పల్లెలకు పరిచితములైనవి. పేరులోని 3 సిలిండర్ల సంఖ్య. 152 అనునది ఘనపు అంగుళములలో దాని పరిమాణము. సిలిండరు వ్యాసము 91.4 మిల్లీమీటర్లు, పిస్టను నడక 127 మిల్లీమీటర్లు. గుణించి చూచిన మొత్తము 2.5 లీటర్లు వచ్చును.

ఈ ఇంజను రెండు చుట్లకొకసారి 2.5 లీటర్ల గాలిని పీల్చవలెను. మార్గమున అడ్డంకుల వలన నూటికి 85 పాళ్ళు మాత్రమే లోనికి పోవుననుకొందము. మన వేసవి వేడిలో లీటరు గాలి బరువు సుమారు 1.13 గ్రాములు. కావున లోనికి పోయిన గాలి 2.4 గ్రాములు. ఒక గ్రాము డీజిలు పూర్తిగా కాలుటకు రసాయనశాస్త్రము ప్రకారము సుమారు 14.5 గ్రాముల గాలి చాలును. కాని లోపల గాలియు డీజిలును కలియుటకు దొరకు సమయము రెప్పపాటులో పదవ వంతైనను ఉండదు. అందుచే టర్బో లేని ఇంజనులో పొగ రాకుండుటకు 18 నుండి 20 గ్రాముల గాలి కావలసియుండును. 19 చొప్పున లెక్కించిన, 2.4 గ్రాముల గాలికి 0.126 గ్రాము డీజిలు సరిపోవును. అది కాలగా సుమారు 5,400 జౌళ్ళ ఉష్ణము పుట్టును. అందులో నూటికి 35 పాళ్ళు పనిగా మాఱిన 1,890 జౌళ్ళు. రెండు చుట్లలో జరుగు ఈ పనిని 12.57 చేత భాగించిన త్రిప్పుబలము వచ్చును: సుమారు 150 న్యూటన్-మీటర్లు.

ఈ లెక్కను మరల చదువుడు. మొదటి అంకె గాలిది. గాలి పదవ వంతు తగ్గినచో త్రిప్పుబలమును పదవ వంతు తగ్గి 135 అగును. అప్పుడు డీజిలును ఎంత పెంచినను ఆ గాలికి మించినది కాలదు. మసియై బయటికి పోవును.

3. నిదానముగా తిరుగునపుడే బలమేల పోవును?

నిమిషమునకు 2,000 చుట్లు తిరుగునపుడు పిస్టను ఒకసారి పైకి పోవుటకు సెకనులో వెయ్యింట 15 పాళ్ళు పట్టును. 1,000 చుట్లు తిరుగునపుడు 30 పాళ్ళు పట్టును. అనగా వేగము సగమైనచో కాలము రెట్టింపగును. చిల్లికుండను పట్టుకొని పరుగెత్తినవాడు ఇంటికి కొంత నీరైనను తెచ్చును. మెల్లగా నడచినవాడు వట్టి కుండ తెచ్చును. ఇంజనునందును ఇంతే. అరిగిన రింగుల ప్రక్కగా, సరిగా మూసికొనని వాల్వుల ద్వారా కాఱిపోవు గాలికి మందవేగమున ఎక్కువ సమయము దొరకును. ఒత్తిడి తగ్గును, దానితో వేడిమియు తగ్గును, డీజిలు ఆలస్యముగా అంటుకొనును.

డీజిలు పంపునకును ఇదే నియమము వర్తించును. అందులోని చిన్న ప్లంజరు అరిగినచో, చిమ్మవలసిన డీజిలులో కొంత వెనుకకు జాఱును. వేగముగా తిరుగునపుడు జాఱుటకు వ్యవధి లేదు. మెల్లగా తిరుగునపుడు వ్యవధి కలదు. ఖాళీ బాట మీద చక్కగా పరుగెత్తు బండి బురదలో చతికిలబడుటకు గల కారణము ఇదియే. కావున పాత ఇంజనునకు మందవేగపు బలమును "పెంచుట" అని మనము చెప్పునది, చాలవఱకు పోయినదానిని మరల తెచ్చుటయే.

4. పరీక్షించు క్రమము

ఖర్చు లేనిదానితో మొదలిడి, ఖర్చు గలదానితో ముగింపవలెను.

మొదటిది గాలి ఫిల్టరు. పాత ట్రాక్టర్లలో నూనె తొట్టి గల ఫిల్టరు ఉండును. తొట్టిలో బురద పేరుకొనినచో దానిని కడిగి, గుఱుతు వఱకే క్రొత్త నూనె పోయవలెను. ఎక్కువ పోసినచో గాలికి అడ్డమగును. ఫిల్టరునకును ఇంజనునకును నడుమ నున్న రబ్బరు గొట్టము పగిలినదేమో చూడుడు. ఆ పగులు నుండి పోయిన దుమ్ము సిలిండరును అరగదీయును. ఇంజను వేడికి దగ్గఱగా గాలి పీల్చుచున్నచో ఆ మార్గమును మాఱ్చవలెను. 60 డిగ్రీల గాలికి బదులు 40 డిగ్రీల గాలి పోయినచో నూటికి 6 పాళ్ళు ఎక్కువ గాలి చేరును. సైలెన్సరులో మసి గడ్డకట్టినను లోనికి గాలి తగ్గును.

రెండవది వాల్వుల సందు. దీనినే ట్యాపెట్లు సరిచేయుట అందురు. సందు మిక్కిలి తక్కువైనచో వాల్వు పూర్తిగా మూసికొనదు. ఎక్కువైనచో ఆలస్యముగా తెఱచుకొని త్వరగా మూసికొనును. ఎంత సందు ఉండవలెనో, చల్లగా నున్నపుడు కొలవవలెనో వేడిగా నున్నపుడు కొలవవలెనో, ఆ ఇంజను పుస్తకములో చెప్పినట్లే చేయవలెను. ఒక ఇంజను కొలత మఱియొకదానికి పనికిరాదు.

మూడవది ఇంజను వేడిమి. వేడెక్కుచున్నదని థర్మోస్టాటును తీసి పాఱవేయు అలవాటు మనవారిలో కలదు. అట్లు చేసిన ఇంజను చాలసేపు చల్లగానే నడచును. డీజిలు చక్కగా కాలదు, లైనర్లు త్వరగా అరుగును. వేడెక్కుటకు కారణము రేడియేటరులోనో ఫ్యాను బెల్టులోనో యుండును. దానిని సరిచేసి థర్మోస్టాటును మరల పెట్టవలెను.

నాల్గవది నాజిళ్ళు. నాజిలు డీజిలును మంచువలె చిమ్మవలెను. లోపలి స్ప్రింగు బలహీనపడినచో అది తక్కువ ఒత్తిడికే తెఱచుకొని బొట్లుబొట్లుగా కార్చును. ఆ బొట్లు కాలక మసి యగును. నాజిళ్ళను పరీక్షించు యంత్రము గల దుకాణమున వీనిని సరిచేయింపవలెను. ఇచ్చట ఒక హెచ్చరిక. చిమ్ముచున్న నాజిలు ముందు చేయి పెట్టరాదు. ఆ ధార చర్మమును చీల్చుకొని లోనికి పోవును. పైకి సూదిపోటంత గాయమే కనబడును, నొప్పియు మొదట ఉండకపోవచ్చును. అయినను ఆలస్యము చేసినచో వ్రేలో చేయియో తీసివేయవలసి వచ్చును. అట్టిది జరిగిన వెంటనే ఆసుపత్రికి పోయి, డీజిలు ధార లోనికి పోయినదని వైద్యునకు స్పష్టముగా చెప్పవలెను.

ఐదవది కంప్రెషను. మీటరు పెట్టి ప్రతి సిలిండరును కొలిచి, ఒకదానితో నొకటి పోల్చి చూడవలెను. ఒకటి మాత్రమే తగ్గినచో వాల్వో గ్యాస్కెట్టో కారణము కావచ్చును. అన్నియు తగ్గినచో రింగులు, లైనర్లు అరిగినవని ఊహింపవచ్చును. నూనె పోయు మూత తీసినపుడు పొగ గట్టిగా తన్నుకొని వచ్చుటయు దీనికి గుఱుతే. ఇట్టి ఇంజనునకు క్రొత్త లైనర్లు, రింగులు వేయించుటయే చికిత్స.

పొగ రంగును బట్టి కొంత గ్రహింపవచ్చును. నల్లని పొగ గాలికి మించిన డీజిలును తెలుపును. తెల్లని పొగ డీజిలు కాలకుండ బయటికి పోవుటను, అనగా చల్లదనమునో తక్కువ ఒత్తిడినో ఆలస్యపు చిమ్ముటనో తెలుపును. నీలి పొగ ఇంజను నూనె కాలుటను తెలుపును.

5. చిమ్ము వేళ

డీజిలు చిమ్మిన తక్షణమే మండదు. సుమారు సెకనులో వెయ్యవ వంతు ఆలస్యము జరుగును. నిమిషమునకు 1,000 చుట్లు తిరుగు ఇంజను ఆ లోపల 6 డిగ్రీలు తిరుగును. 2,000 చుట్లు తిరుగునది 12 డిగ్రీలు తిరుగును. కావున వేగము హెచ్చిన కొలది ముందుగా చిమ్మవలెను, తగ్గిన కొలది అంత ముందుగా అక్కఱలేదు. వేగముగా పరుగెత్తుటకై చిమ్ము వేళను ఎవరైన మిక్కిలి ముందుకు జరిపినచో, మందవేగమున పిస్టను ఇంకను పైకి వచ్చుచుండగనే మంట లేచి దానిని క్రిందికి త్రోయును. ఇంజను సుత్తితో కొట్టినట్లు శబ్దము చేయును, బలము కోల్పోవును. మిక్కిలి వెనుకకు జరిపినచో మంట ఆలస్యమై ఉష్ణము పొగతో పోవును. తయారుచేసినవారు చక్రము మీద పెట్టిన గుఱుతునకు సరిగా చేర్చుటయే ఉత్తమము. పంపులో వేగమును బట్టి వేళను మాఱ్చు ఏర్పాటు ఉన్నచో, అది బిగుసుకొని పోలేదని చూడవలెను.

6. స్క్రూ త్రిప్పుట వలని కీడు

ఇప్పుడు మొదటి సలహా సంగతి విచారింతము. పంపు నిజముగా తక్కువ డీజిలు ఇచ్చుచున్నదని పరీక్షాయంత్రము మీద తేలినచో, దానిని నియమిత పరిమాణమునకు తెచ్చుట న్యాయమే. అట్లుగాక, మూసుకొనిన ఫిల్టరు, అరిగిన రింగులు గల ఇంజనునకు స్క్రూ త్రిప్పుట, ఊపిరాడని రోగికి అన్నము కుక్కుట వంటిది. కొంతసేపు లాగినట్లు కనబడును. తరువాత మసి రింగులలో చేరి అవి అంటుకొనిపోవును. కాలని డీజిలు గోడల వెంట జాఱి ఇంజను నూనెను పలుచన చేయును, బేరింగులు అరుగును. వేడిమి మీఱి హెడ్డు పగులును, పిస్టను తల కరగును.

కీడు ఇంజనుతో ఆగదు. డీజిలు పొగ మనుష్యులకు క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో నిర్ణయించెను. ఆ పొగను దినమంతయు పీల్చునది ట్రాక్టరు మీది మనుష్యుడే, తరచుగా మన యింటివాడే.

7. ఉన్నదానికి మించి కావలెననినచో

అన్నియు సరిచేసిన పిమ్మటను ఇంకను బలము కావలెననువారికి మార్గములు కొన్ని కలవు.

టర్బోచార్జరు పొగ బలముతో తిరిగి, గాలిని ఒత్తి లోనికి పంపును. స్విట్జర్లాండు దేశస్థుడైన ఆల్‌ఫ్రెడ్ బూకి 1905లో దీనికి పేటెంటు పొందెను. గాలి పెరిగినచో డీజిలు పెంచుట న్యాయమగును. కాని మందవేగమున పొగ తక్కువ. పెద్ద టర్బో ఆ పొగతో తిరుగలేదు. మందవేగమున ఫలము కావలెనన్న చిన్నది కావలెను. మఱియు పాత పిస్టన్లు, హెడ్డు, బేరింగులు ఆ అదనపు ఒత్తిడిని భరింపవలెను. టర్బో లేకుండ నిర్మింపబడిన పాత ఇంజనునకు దానిని తగిలించుట అనుభవశాలి చేతిమీదుగా తప్ప చేయదగినది కాదు.

బరువైన ఫ్లైవీలు వేసిన బలము పెరుగునని కొందఱందురు. ఫ్లైవీలు బలమును పుట్టింపదు, దాచియుంచును. చిన్న ఆటంకమును దాటించును, అంతియే. వేగము సగమైనచో అందు దాగిన శక్తి నాల్గవ వంతే మిగులును. ఎడతెగని బురదలో దాని సాయము కొలది క్షణములే.

ఖర్చు లేని మార్గము గేరు. ఇంజనుకును చక్రమునకును నడుమ వేగము 100 వంతులు తగ్గినచో, రాపిడి నష్టము పోగా, త్రిప్పుబలము దాదాపు 100 రెట్లగును. పై గేరులో ఆ తగ్గింపు 70 అయినచో చక్రమునకు చేరు బలము నూటికి 30 పాళ్ళు తగ్గును. ఇంజను మూలుగుచుండగా పై గేరులోనే పట్టుదలతో లాగించుట కంటె, ఒక గేరు తగ్గించి నిదానముగా పోవుట వివేకము.

8. కొలిచి చూచుట

ఏది చేసినను ముందును వెనుకను కొలవవలెను. ఒకే బాటలో ఒకే ఎత్తు, ఒకే బరువు, ఒకే గేరు పెట్టి, ఎక్కుటకు పట్టిన కాలమును గడియారముతో చూచి వ్రాసికొనుడు. ఒకసారికి ఒక్క మార్పే చేయుడు. ఫిల్టరు, నాజిళ్ళు, చిమ్ము వేళ ఒక్క దినముననే మాఱ్చినవాడు, దేని వలన మేలు కలిగినదో చెప్పలేడు. మఱుసటి యేట అదే కష్టము వచ్చినపుడు మరల చీకటిలో తడుముకొనును.

తలిదండ్రులారా, మీ యింటి బండిని విప్పునపుడు మీ పిల్లలను ప్రక్కన నిలువనిచ్చి, ఆ లెక్కలను వారిచేత వ్రాయింపుడు. విద్యార్థులారా, మీలో కొందఱు రేపు మెకానిక్కులగుదురు. రైతు స్క్రూ త్రిప్పుమని అడిగినపుడు, ముందు గాలి ఫిల్టరు మూత తీసి చూపుడు. అతని పంటకాలమును కాపాడునది ఆ ఒక్క నిమిషము కావచ్చును.

అభ్యాసము

1. ఒక గానుగలో ఎద్దు 2 మీటర్ల దూరమున 45 కిలోల బలముతో లాగి, నిమిషమునకు 4 చుట్లు తిరిగినది. త్రిప్పుబలమును శక్తిని లెక్కింపుడు.

2. నిమిషమునకు 1,500 చుట్లు తిరుగు ఇంజను, సెకనులో వెయ్యవ వంతులో ఎన్ని డిగ్రీలు తిరుగును?

3. పైన లెక్కించిన ఇంజనులో ఫిల్టరు మూసుకొని గాలి నూటికి 12 పాళ్ళు తగ్గినది. పొగ రాకుండ దొరకగల త్రిప్పుబలమెంత?

4. అరిగిన పంపు వేగముగా తిరుగునపుడు బాగుగనే పనిచేసి, మెల్లగా తిరుగునపుడు చాలక పోవుటకు కారణమును మీ మాటలలో వ్రాయుడు.